వెదురు గెడా, మూడు భాషల బోర్డూ

ఒక ఊరికి పర్యాటకుల్ని ఎలా రప్పించాలో ఇప్పుడు మీకు చాలామంది నేర్పుతారు. దానికి శిక్షణ తరగతులున్నాయి, తెర మీద బొమ్మలు వేసి చూపించేవాళ్ళున్నారు. ఎప్పుడు రానివ్వకూడదో నాకు నేర్పినవాడు మాత్రం ఒక్కడే. ఆయన చదువు మూడో తరగతి. మా బోటు రేవులో సరంగు, అంటే లాంచీ నడిపే మనిషి. ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలెవరైనా ఇంటికొచ్చి, "మేడమ్, మీ అనుభవాలు చెప్పండి" అంటే ఇన్నాళ్ళూ ఆయన గురించే చెప్పాను. కాకపోతే సగమే చెప్పాను. మిగతా సగం చెప్పడానికి నోరు రాలేదు, అందుకే రాస్తున్నాను.

మాది ద్రాక్షారామం దగ్గర పల్లె. పెళ్ళయి యానాంలోని కనకాలపేట వచ్చాను, పరీక్ష రాసి గుమాస్తానయ్యాను. రెండువేల సంవత్సరం దాటాక యానాంలో గోదావరి ఒడ్డున బోటు షికారు మొదలుపెట్టినప్పుడు, రేవు చూసుకునే పని మా ఆఫీసులో ఎవరూ ఒప్పుకోలేదు. ఎండ, బురద, పైగా చవగ్గా దొరికే మందు కోసం నలుదిక్కుల నుంచీ వచ్చే జనం. "ఈవిడ నోటికి జడిసి ఎవడూ గొడవ చెయ్యడు" అని నన్ను వేశారు. నిజమే లెండి, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఆయన ఇప్పటికీ కూరలో ఉప్పు తగ్గిందని నాకు వినపడేలా అనడు.

మొదటి రోజే సరంగుతో పేచీ పడింది. తొమ్మిదింటికి లాంచీ కదలాలి. జనం ఎక్కి కూర్చున్నారు. ఈయన రేవు మెట్టు మీద చుట్ట వెలిగించుకుని గోదావరి కేసి చూస్తున్నాడు.

"ఏంటండీ సరంగు గారూ, టైమైంది కనబడటం లేదా?" అని అరిచాను.

"ఆయ్, కనబడతందండి. నీరే లేదండి. పాటులో ఉంది. గంట ఆగాలండి."

"టికెట్ మీద తొమ్మిదని అచ్చేసి ఉంది!"

"ఆయ్. ఆ అచ్చేసేవోరు గోదారినోసారి అడగాల్సిందండి" అన్నాడు, చుట్ట నోట్లోంచి తియ్యకుండానే.

జనం గొల్లుమన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా చూస్తుండగానే నవ్వొచ్చేసింది. సముద్రం నీరు లోపలికి ఎక్కితే పోటు, వెనక్కి తీస్తే పాటు. రోజూ ఆ వేళలు మారతాయి. ఇరవై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటూ కూడా నాకది పట్టలేదు. మర్నాటి నుంచి టికెట్ల మీద టైము అచ్చేయించడం మానేసి, పొద్దున్నే ఆయన్ని అడిగి పలక మీద సుద్దతో రాసేదాన్ని.

ఆ షికారులో జనం ఎగబడేది ఒక్క చోటికే. రేవు నుంచి ముప్పావు గంట దిగువకి వెళితే మడచెట్ల మధ్య ఒక సన్నటి పాయ ఉంది. దాని మొగలోకి, అంటే పాయ నదిలో కలిసే చోటికి, రాగానే సరంగు ఇంజను ఆపేసేవాడు. అక్కణ్ణుంచి తెడ్లే. అంతదాకా పాటలు పెట్టుకుని గెంతిన కుర్రకారు కూడా ఆయన వేలు ఎత్తితే చాలు, గప్‌చుప్. నీటి మీదికి వంగిన కొమ్మలు, బురద మీద గెంతే చేపలు, ఎక్కడో లకుముకి పిట్ట అరుపు. నేను ఎన్ని వందల సార్లు వెళ్ళానో లెక్కలేదు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక లాంచీ ఎక్కలేను. మంచం మీద పడుకుని కళ్ళు మూసుకుంటే ఇంజను ఆగినప్పటి ఆ చప్పుడు లేకపోవడం గుర్తొచ్చి బెంగపడతాను. అంత బెంగ నాకు పుట్టింటి మీద కూడా లేదు.

ఆ పాయ మాది కాదు. సరంగు వాళ్ళ జాలరిపేట ఆడవాళ్ళది. కాగితాల మీద కాదు, వాడుకలో. పాటు వేళ బురదలోకి దిగి చేత్తో మండపీతలు పట్టి బుట్టలకెత్తుకుని అమ్ముకునేవారు. వాళ్ళలో పెద్దది సరంగు వాళ్ళ అప్ప, అంటే అక్క. మనిషి గట్టిది. నా నోటికి జడవని మనిషిని యానాంలో నేను చూసింది ఆవిడనొక్కదాన్నే.

వాళ్ళకో కట్టుబాటు ఉంది. చిన్న పీతలు పెంకు విడిచి, కొత్త పెంకు గట్టిపడేదాకా మెత్తగా ఉండే రోజులు కొన్నుంటాయి. ఆ రోజులు రాగానే పేటవాళ్ళు పాయ మొగలో ఒక వెదురు గెడ పాతి, దానికి చిరిగిన వల ముక్క కట్టేవారు. గెడ ఉన్నన్నాళ్ళూ ఎవరూ లోపలికి వెళ్ళరు. పేటవాళ్ళూ వెళ్ళరు, పక్క ఊళ్ళవాళ్ళూ వెళ్ళరు. గెడ తీసేది కూడా పేటవాళ్ళే, పదిమందీ కలిసి. గెడ లేదంటే పాయ తెరిచినట్టు.

ఈ సంగతి నాకు చెప్పి, మా ఆఫీసుకీ పేటకీ మధ్య మాట కుదిర్చింది సరంగే. షికారు బోట్లు నాలుగుకి మించకూడదు. పాయలో ఇంజను వెయ్యకూడదు. గెడ పాతిన రోజుల్లో అసలు వెళ్ళకూడదు. దానికి బదులు మిగతా రోజుల్లో పేటవాళ్ళ పడవలకీ వంతు ఉంటుంది, వాళ్ళూ అడ్డు చెప్పరు. నేను రేవులో నిలబడి ఒక్కొక్కరి సంచీ వెతికేదాన్ని. సీసాలు, ప్లాస్టిక్ కవర్లు, థర్మాకోల్ పళ్ళేలు అన్నీ గట్టునే దింపించేదాన్ని. నన్ను తిట్టుకోని పర్యాటకుడు లేడు. రెండేళ్ళకి ఆ పాయ అద్దంలా అయింది. నాకు కాస్త తలకెక్కిన మాట కూడా వాస్తవమే.

ఆ తలకెక్కిన రోజుల్లోనే బోర్డు చేయించాను. ఆకుపచ్చ రంగు, తెల్ల అక్షరాలు, 'పీతల సంరక్షణ కాలం, ప్రవేశం నిషేధం' అని మూడు భాషల్లో: తెలుగు, ఇంగ్లీషు, ఫ్రెంచి. ఫ్రెంచి చదివేవాళ్ళు ఊళ్ళో ఎంతమందని అడగకండి, యానాం అన్నాక ఉండాలి కదా అనుకున్నాను. పాయ మొగలో, వాళ్ళు గెడ పాతే చోటికి పక్కనే నిలబెట్టించాను. సరంగు దాన్ని నాచేత చదివించుకుని శ్రద్ధగా విన్నాడు.

"మూడిట్లోనూ ఒకటే మాటాండీ?"

"అవును."

"గట్టి మాటే అయ్యుంటాదండి, అన్నిసార్లు అన్నారంటే" అన్నాడు. వెక్కిరించాడో మెచ్చుకున్నాడో ఈనాటికీ తేల్చుకోలేకపోయాను.

ఆ ఏడు కార్తీకంలో పాయ మూసి వారమైంది. మా పైఅధికారి ఒకాయన పాండిచ్చేరి నుంచి ఆదివారం వస్తున్నారని కబురొచ్చింది. ఆయన బోటులో నది చూస్తారు, పాయని బయటి నుంచే చూస్తారు, బోర్డు దగ్గర ఫొటో తీసుకుంటారు. శనివారం సరంగుకి సెలవు. నేను అడవిపొలం అనే పక్క ఊరి నుంచి ఒక నాటుపడవాయన్ని పిలిపించుకుని, ఒడ్డు పొడవునా చెత్త ఏరుతూ వెళ్ళాను. కొట్టుకొచ్చిన సీసాలు, చెప్పులు, దేవుడి దగ్గర తీసేసిన పూలు, అన్నీ ఏరాం. అలా పాయ మొగకి చేరేసరికి నా కొత్త బోర్డు పక్కన ఆ గెడ కనిపించింది. నల్లగా నాచు పట్టి, ఒక పక్కకి ఒరిగి, దానికి కుళ్ళిన వల ముక్క. ఫొటోలో ఎంత అసహ్యంగా పడుతుందో కళ్ళకి కట్టింది.

గెడ అంటే ఏమిటో నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు. గెడ చెప్పే మాటే బోర్డు చెబుతోంది కదా, ఇంక గెడ ఎందుకు అనుకున్నాను.

"ఉంచేద్దామండీ" అన్నాడు పడవాయన, మెల్లగా.

"ఎందుకు? అంత పెద్ద అక్షరాలు కనబడటం లేదా?" అని కసిరాను. ఆయన చెయ్యి వెయ్యలేదు. పడవలో నిలబడి నా రెండు చేతులతో నేనే ఊపి ఊపి పీకాను. తెచ్చి రేవులో చెత్తకుప్ప మీద వేయించాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

ఆదివారం వనభోజనాల జనం. అధికారి కోసం లాంచీ ఉంచి, మిగతా మూడు బోట్లూ వేరే దారిన లంకకి పంపించాను. పదింటికి సరంగు చెత్తకుప్ప దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో గెడ.

"ఇదెవరు తీసేరండీ?"

"నేనే. బోర్డు ఉంది కదా."

ఆయన నన్ను తిడితే బాగుండేది. గెడ భుజాన పెట్టుకుని లాంచీ ఎక్కి, "రండి అమ్మగారండీ, ఎల్దాం" అన్నాడు. ఆయన వెనకే నేనూ ఎక్కాను.

వెళ్ళేసరికి జరగాల్సింది జరిగిపోయింది. ఎగువ రేవుల నుంచి వచ్చిన ప్రైవేటు బోట్లు గెడ లేకపోవడం చూసి, పాయ తెరిచారనుకుని లోపలికి దూరాయి. ఇంజన్లు ఆపలేదు, మైకులు ఆపలేదు. వాళ్ళని అనడానికేముంది? గోదావరి మీద బతికేవాళ్ళు చూసేది గెడనే. నా బోర్డు నిటారుగా, శుభ్రంగా, మూడు భాషల్లో నిలబడి ఉంది. దాని పక్కనుంచే దూసుకుపోయారు. అలల తాకిడికి గట్లు విరిగి బురద జారిపోయింది. వేలెడంత పీతలు, ఇంకా పెంకు గట్టిపడనివి, మడవేళ్ళ మీదికి విసిరేసినట్టు పడి ఉన్నాయి.

పేట ఆడవాళ్ళు మొగకి అడ్డంగా నడుంలోతు నీళ్ళలో చేతులు పట్టుకుని నిలబడ్డారు. వెనక పడవల్లో మగవాళ్ళు. ముందు సరంగు వాళ్ళ అప్ప. కొంగులో చితికిన పీతలు మూటగట్టుకుని ఉంది. కొంగు విప్పి నాకు చూపించింది.

"గెడ ఎవరు తీసేరో సెప్పండి అమ్మగారండీ. మీ ఆఫీసోళ్ళేనా?"

నేను నా బోర్డు కేసి చూశాను.

"ఆఫీసోళ్ళే తీసుంటే మాట తప్పింది మీరు. ఇంక మీ మాటా ఒద్దు, మీ బోట్లూ ఒద్దు. ఈ పాయలోకి ఎవరొత్తారో సూత్తాం."

ఆ మాట ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. మా ఒప్పందం పోతే షికారు ఆగదు. మా ఆఫీసు తప్పుకుంటుంది, అంతే. ఆ మైకుల బోట్లే రోజూ వస్తాయి, వాళ్ళకి నాలుగనే లెక్కా ఉండదు, వేలెత్తే సరంగూ ఉండడు. ఆడవాళ్ళు ఎన్నాళ్ళని నీళ్ళలో నిలబడతారు? ఇదంతా ఆ నిమిషంలోనే ఆలోచించాను. మీ దగ్గర దాపరికమెందుకు, అంతకంటే ముందు నా ఉద్యోగం గురించి ఆలోచించాను. మధ్యాహ్నం దిగబోయే అధికారి గురించి ఆలోచించాను.

"నేనే తీసేనే అప్పా" అన్నాడు సరంగు.

అందరూ ఆయన కేసి తిరిగారు. ఆయన లాంచీ అంచున నిలబడి ఉన్నాడు, గెడ ఇంకా భుజం మీదే ఉంది.

"అమ్మగారికేం తెల్దు. పెద్దాఫీసరొత్తన్నాడని నేనే తీసేను. ఆఫీసోళ్ళ మాట ఆఫీసోళ్ళ దగ్గరే ఉంది. తప్పు నాది."

వాళ్ళప్ప ఆయన్ని చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది. "సరే. పదిమందిలో అన్నావు" అని మాత్రం అంది. ఆడవాళ్ళు చేతులు వదిలి దారి ఇచ్చారు. బోట్లు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. సరంగు నీళ్ళలోకి దిగి గెడని మళ్ళీ దాని చోట పాతాడు. నేను లాంచీలో కూర్చుని చూస్తున్నాను. 'నేను' అనే రెండక్షరాల మాట నోట్లోనే ఉంది. సాయంత్రం పేటకి వెళ్ళి చెప్పేద్దాం, ముందు ఈ అధికారిని పంపించేద్దాం అనుకున్నాను. సాయంత్రం గెస్ట్‌హౌస్‌లో అధికారి టీ, భోజనాల దగ్గర ఉండాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే సరంగు లాంచీ తాళంచెవులు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"పేటలో నా మీద తప్పు ఏసేరండి. మూడేళ్ళు పాయలో అడుగెట్టకూడదంట. పాయలోకి ఎల్లని సరంగు తవరికెందుకండీ. కాకినాడలో సేపల ఏటబోట్ల మీద పనుందంటన్నారు, ఎల్తానండి."

"నేను చెబుతాను వాళ్ళకి" అన్నాను.

"ఒద్దండి. ఇప్పుడు తవరు సెప్తే ఆఫీసు మాట పోద్ది. పాయ బతకాలండి."

అప్పుడు నేను ఏమన్నానో తెలుసా? ఎదురుగా ఒక మనిషి నా తప్పు నెత్తినెత్తుకుని ఊరు విడిచి పోతుంటే, "సెలవు చీటీ రాసిచ్చి వెళ్ళండి" అన్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. గుమాస్తా నోటికి అదే వచ్చింది. ఆయన తలూపి, నాచేతే రాయించుకుని, వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, తప్పు లేకుండా.

పాయ బతికింది. నేనా బోర్డు పీకించేశాను. తర్వాత పదేళ్ళూ మా బోటేదీ గెడ దాటలేదు. ఆ పాయని చూడటానికి ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చారు. పాండిచ్చేరిలో ఒక సభలో, స్థానికుల నమ్మకాన్ని ఎలా సంపాదించాలో నాచేత ఉపన్యాసం ఇప్పించారు. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. ఆ శాలువా నేను ఒక్కసారి కూడా కప్పుకోలేదు. కొత్త సరంగు వచ్చాడు, మంచివాడే, టైముకి వచ్చేవాడు. కానీ ఇంజను ఆపగానే నా కళ్ళు చుక్కాని దగ్గరికి వెళ్ళేవి. అక్కడ చుట్ట ఉండేది కాదు, ఎకసెక్కం ఆడే మనిషి ఉండేవాడు కాదు. కోప్పడితే తిరిగి నవ్వించేవాడు లేక నాకు కోపం రావడం కూడా తగ్గిపోయింది.

మూడేళ్ళు దాటాక వస్తాడని ఎదురుచూశాను. రాలేదు. సంతలో వాళ్ళప్ప కనబడితే, "మీ తమ్ముడు రారా?" అని అడిగాను. "ఆడికక్కడే బాగుందంటండి" అంది పీతల కాళ్ళకి తాడు కడుతూ. ఆ మాట నాకు సుఖంగా ఉంది. దాన్నే పట్టుకుని ఊరుకున్నాను.

కిందటేడు ఆయన కాకినాడలో పోయాడని తెలిసింది. నేను రిటైరై అప్పటికి చాలా ఏళ్ళయింది. ఇంక పోయే ఉద్యోగమూ లేదు, పాడయ్యే ఒప్పందమూ లేదు. ఆటో కట్టించుకుని పేటకి వెళ్ళాను. వాళ్ళప్ప బాగా ముసలిదైపోయింది. అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. నీళ్ళు తాగకుండానే చెప్పేశాను, గెడ తీసింది నేనని.

"తెల్సండి" అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజేనండి. ఏటేటా గెడ పాతేదే ఆడు. ఆడు పీకుతాడేటండీ? పైగా అడవిపొలం పడవాయన మా సుట్టమేనండి."

"మరి తెలిసీ ఆయనకి తప్పెందుకు వేశారు?"

"పదిమందిలో నేనే అన్నాడు. అన్నాక మేం కాదనకూడదండి. తీసినోరొచ్చి, పదిమందిలో నేనని సెప్తేనే ఆడి మాట కొట్టెయ్యాలి. మీరొత్తారని ఆ సాయంత్రం రేవు మెట్ల మీద కూకున్నామండి, ఆడూ మేమూ. పాటంతా ఎల్లిపోయింది, మళ్ళీ పోటొచ్చింది. 'రారే అప్పా, ఏసెయ్యండి' అన్నాడు. మూడేళ్ళయ్యాక రమ్మన్నానండి. గెడ పీకినోడన్న పేరెట్టుకుని రానన్నాడు."

ఆ సాయంత్రం నేను గెస్ట్‌హౌస్ వరండాలో అధికారికి టీ అందిస్తున్నాను. అక్కడి నుంచి రేవు మెట్లు కనబడతాయి. వాళ్ళు కూర్చుని ఉండటం నేను చూశాను. ఏదో పడవ కోసం ఆగారనుకున్నాను. ఆయన ఒకసారి తలెత్తి వరండా కేసి చూశాడు. నేను కేటిల్ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాను.

"ఇప్పుడు చెబితే కొట్టేస్తారా?" అని అడిగాను. ఏడుపు ఆగలేదు.

"సెప్పండి. ఆడు లేకపోయినా పేరుంది కదండీ."

ఆవిడ కేకేసి పిలిస్తే వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు, చేపలు ఆరబెడుతున్నవాళ్ళు పదిమంది దాకా వచ్చి నిలబడ్డారు. నేను లేచి నిలబడి, గోడ పట్టుకుని, "ఆ రోజు గెడ తీసింది నేను, మీ సరంగు కాదు" అన్నాను. వాళ్ళలో ఒక పెద్దాయన, "ఇన్నారా?" అని అడిగాడు. "ఇన్నాం" అన్నారు అందరూ. "అయితే ఆడి మీద తప్పు లేదు. కొట్టేసేం" అన్నాడాయన. ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు.

నేనింకా గోడ పట్టుకునే ఉన్నాను. వాళ్ళప్ప నన్ను భుజం పట్టి కూర్చోబెట్టింది. తాగకుండా వదిలేసిన నీళ్ళ గ్లాసు మళ్ళీ నా చేతికిచ్చింది.

"ఆ రోజూ ఇంతసేపేనండీ పట్టేది" అంది.